మూడడుగుల జాగాలో సిమెంటు బెంచీ

మా ఇంటి ముందు మూడడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్న కొంచెం జాగా ఉంది. గోడకూ సందులోని మురుగు కాలువకూ మధ్య మిగిలింది అంతే. అనంతపురంలో మేము అద్దెకుంటున్న ఆ ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు. బయటి జాగాలో ఏళ్ల తరబడి నాలుగు నీలిరంగు నీళ్ల డ్రమ్ములు వరసగా ఉండేవి. కొళాయి వచ్చిన రోజు అవి నిండేవి. మళ్లీ కొళాయి వచ్చేదాకా మేమిద్దరం వాటి మీదే బతికేవాళ్లం. డ్రమ్ముల పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఉండేది.

సాయంత్రం నాలుగు దాటి, ఎదురు మేడ నీడ మా గోడ మీద పడ్డాక నా భార్య ఆ కుర్చీలో కూర్చునేది. ఆమె చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పే టీచరుగా పనిచేసి రిటైరైంది. బియ్యం ఏరుకుంటూ, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, చీకటి పడేదాకా అక్కడే ఉండేది. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసి ఈ జిల్లాలో తిరగని ఊరు లేదనుకునే నాకు, మా సందులో ఏం జరిగిందో ఆమె చెబితేనే తెలిసేది.

ఉగాది దాటిన వారానికి వంటింట్లో ఆమె కుడి కాలు, కుడి చెయ్యి ఒక్కసారిగా పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మాట కొంచెం తిరిగింది. ముద్దగా, ఒక్కో మాట వెతుక్కున్నట్టు వచ్చేది. కాలూ చెయ్యీ మాత్రం తిరగలేదు. వాటిని నేను మంచం మీద ఎలా పెడితే అలాగే ఉండేవి.

కసరత్తులు చేయించడానికి వచ్చే డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మెత్తగా మాట్లాడేది గానీ, ఏదీ దాచేది కాదు. వచ్చే కదలిక ఏదైనా చాలా వరకు మొదటి ఆరు నెలల్లోనే రావాలని చెప్పింది. రోజూ రెండు పూటలా నిటారుగా కూర్చోవాలి, తనంతట తాను లేవడానికి ప్రయత్నించాలి. మంచానికి అలవాటు పడితే ఇక లేవదు. పోయేటప్పుడు వాకిట్లో నిలబడి ఇంకో మాట కూడా చెప్పింది. కాలూ చెయ్యీ సంగతి తర్వాత, ముందు మనిషికి లేవాలని ఉండాలి, మీ ఆవిడలో అది కనిపించడం లేదు అంది.

కనిపించడం లేదన్నది నిజం. ఇంట్లో కూర్చోబెడితే పక్కకు ఒరిగి కళ్లు మూసుకునేది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం నోటి దగ్గరికి తీసుకుపోతే రెండు ముద్దలు తిని, మూడో ముద్దకు పెదవులు బిగించేది. అలా పది రోజులు గడిచాక ఒక సాయంత్రం తనే అడిగింది.

"బయట కూచోబెట్టు."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను మూడు నెలలు తిరిగాను.

మొదట పాత ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఆ కుర్చీ మీద చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకునేది. ఆ పొడి అర్థం నాకు తెలియాలి. ఆఫీసుల ముందు అర్జీలు పట్టుకుని కాచుకునే జనం కోసం వేసే కుర్చీలను ఎన్ని చూడలేదు. మా ఎండకు ప్లాస్టిక్కు ముందు రంగు పోతుంది, తర్వాత పొడి రాలుతుంది, ఆ తర్వాత ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది. మామూలు మనిషైతే విరిగేటప్పుడు చప్పున లేస్తాడు. ఆమె లేవలేదు. వెనక కాళ్లు రెండూ పక్కలకు జారాయి. ఆమె మెల్లగా, ఏదో నిర్ణయించుకున్నట్టుగా, డ్రమ్ముల మధ్యకు ఒరిగిపోయింది. ఎదురింటి ఆమె పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి లేపాం. దెబ్బలు పెద్దగా తగల్లేదు. అయితే ఆ రోజు నుంచి ఏ కుర్చీ చూపించినా ముందు ఎడమ చేత్తో దాన్ని ఊపి చూసేది. ఊగితే మొహం తిప్పుకునేది.

కొత్త ప్లాస్టిక్ కుర్చీ తెస్తే సరిపోతుంది కదా అని చాలామంది అన్నారు. తెచ్చాను. ఆమె కూర్చోలేదు.

తర్వాత ఊళ్లోని ఫర్నిచరు దుకాణాలు పట్టుకున్నాను. డాక్టరమ్మ కొలతలు చెప్పింది. కూర్చున్నప్పుడు నడుము మోకాళ్ల కంటే కిందికి దిగకూడదు. పద్దెనిమిది అంగుళాలకు తక్కువ ఎత్తు వద్దు. లోతు ఎక్కువ ఉండకూడదు. వెనక ఆనుకోవడానికి గట్టిగా ఉండాలి. ఒక చేతి మీద బరువంతా వేసినా కదలకూడదు. అది మూడడుగుల జాగాలో పట్టాలి, మనిషి నడవడానికి దారి మిగలాలి. నేను ప్రతి కుర్చీలోనూ కూర్చుని, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి కాలు చాపేసి, ఎడమ కాలితో, ఎడమ చేత్తో లేచి చూసేవాణ్ని. ఇలా లేచి చూడకముందు, కుర్చీలన్నీ రెండు కాళ్లు బాగున్నవాళ్ల కోసమే చేస్తారని నాకు తెలియదు. ఒక దుకాణంలో పనివాళ్లు నన్ను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చూడనట్టే రెండో కుర్చీలో కూర్చున్నాను.

పెద్ద బజారులో ఒక వ్యాపారి, వయసులో నాకంటే పెద్దాయన, పేములాగా కనిపించే ప్లాస్టిక్ అల్లిక కుర్చీ చూపించాడు. చూడ్డానికి బాగుంది. బయట వేసుకునేదేనా అని అడిగాను.

"బయటిదే సార్. మిద్దె మీద, తోటలో, యాడన్నా వేసుకోవచ్చు. అయితే ఎండకు పెట్టొద్దు."

"మన ఊళ్లో ఎండ లేని బయట యాడుంటుందప్పా?"

ఆయన నొచ్చుకోలేదు. "దానికే సార్, కొన్నోళ్లంతా ఇంట్లోనే ఏసుకుంటాండారు" అన్నాడు.

చెక్క గురించి అడిగితే ఆయనే వద్దన్నాడు. ఎండకు బీటలు తీస్తుంది, గోడకు ఆనిస్తే చెదలు పడుతుంది, ఏడాదికోసారి నూనె పూసే ఓపిక ఉంటే తీసుకో అన్నాడు. ఓపిక అనే మాట వినగానే నాకు నవ్వొచ్చింది. పొద్దున లేచి ఆమె మొహం కడిగి, పక్క మార్చి, గంజి తాగించి, కొళాయి కోసం చూసి, ఆ తర్వాత మిగిలేదే నా ఓపిక.

మిగిలింది ఇనుము. పాత ఊళ్లో వెల్డింగ్ షాపతనికి కొలతలన్నీ ఇచ్చి చేయించాను. గట్టి పైపులు, రెండు పక్కలా చేతులు, కాళ్ల కింద పలకలు. "అన్నా, మనం పోయినంక గూడా ఇది ఉంటాది" అన్నాడు అతను. ఆమె ఎడమ చేత్తో ఊపింది. కదల్లేదు. తల ఆడించింది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వారం రోజులు రెండు పూటలా బయట కూర్చుంది. ఒకరోజు సందులో పోయే కూరగాయలామెను ఆపి, వంకాయలు ముదిరిపోయాయని ముద్ద మాటల్లోనే కసిరింది కూడా.

ఎనిమిదో రోజు నాకు పని ఉండి, నీడ పూర్తిగా రాకముందే కూర్చోబెట్టాను. సీటు మీద దుప్పటి మడిచి వేశాను. వీపుకు దిండు పెట్టాను. కుర్చీ చేతుల సంగతి మరిచిపోయాను. ఆమె కుడి చేతిని ఎప్పటిలాగే కుర్చీ చేతి మీద సర్దిపెట్టి లోపలికి పోయాను. అరగంట తర్వాత తిరిగొచ్చి ఆ చెయ్యి ఎత్తబోతే చర్మం ఇనుముకు అంటుకుని ఉంది.

"ఏం చూచ్చాండావు?" అంది ఆమె.

ఆమెకు తెలియలేదు. మోచేతి దాకా కమిలి, బొబ్బలెక్కిన చెయ్యి తన ఒళ్లో ఉంటే ఆమె నా మొహం చూస్తోంది. స్పర్శ లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను తలూపాను. స్పర్శ లేకపోవడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఆ చెయ్యి మా ఇంట్లో ఉంది గానీ ఆమె దగ్గర లేదు. కాలిన చోట మందు రాస్తుంటే ఆమె ఆ చేతిని ఎవరిదో చూసినట్టు చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది. అన్నం మళ్లీ రెండు ముద్దలకు వచ్చింది.

ఇనుప కుర్చీని నేను బయటే వదిలేశాను. నాలుగు రోజులకు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మూడు నెలలు అలా పోయాయి. మిగిలిన మూడు నెలలను నేను వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాణ్ని. ఎండకు విరగకూడదు, కాల్చకూడదు, కదలకూడదు, ఎవరూ ఎత్తుకుపోకూడదు, మా తాహతుకు మించకూడదు. ఒక మధ్యాహ్నం బస్టాండు ముందు నుంచి నడుస్తుంటే చెట్టు కింద సిమెంటు బెంచీ కనిపించింది. వెళ్లి కూర్చున్నాను. కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాను. లేచాను. హాయిగా లేచాను.

మా వైపు సిమెంటు బెంచీలు ఎలా వస్తాయో తెలియనివాడు లేడు. ఇంట్లో ఎవరైనా పోతే, ఉన్నంతలో ఉన్నవాళ్లు ఒక బెంచీ చేయించి బస్టాండులోనో, ఆసుపత్రి ముందో, శ్మశానం దగ్గరో వేయిస్తారు. వీపు ఆనించే పలక మీద పోయినవాళ్ల పేరు, కింద జ్ఞాపకార్థం అనే మాట ఉంటాయి. కాళ్లు లాగిన మనిషి దాని మీద కూర్చుని అమ్మయ్య అనుకుంటే, ఆ పుణ్యం పోయినవాళ్లకు చేరుతుందని నమ్మకం. నేను పత్రికలో కొత్తగా చేరినప్పుడు కంబదూరులో బస్సు కోసం గంటల తరబడి అలాంటి బెంచీ మీదే కూర్చునేవాణ్ని. కణేకల్‌లో, కొత్తచెరువులో కూడా అలాంటి బెంచీలే. ఊరు తెలియకముందే ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల పేర్లు తెలిసేవి. ఇదంతా తెలిసినవాణ్నే. అయినా ఆ మధ్యాహ్నం నా బుర్రలో ఎత్తు, లోతు, బరువు తప్ప ఇంకేమీ లేవు.

కళ్యాణదుర్గం రోడ్డులో బావి రింగులు, కిటికీ జాలీలు, కంచె స్తంభాలు పోతపోసే చోటికి వెళ్లాను. దాని యజమాని కంబదూరు వైపు రైతు. బోరు ఎండిపోయాక వేరుశనగ మానుకుని ఈ పని పెట్టుకున్నాడు. పైరుకు వాన కోసం చూడాలి, సిమెంటుకైతే ట్యాంకరు తెప్పించుకోవచ్చు, అంతే తేడా అన్నాడు. పోత పోసిన తర్వాత మూడు వారాలు తడపకపోతే సిమెంటు కూడా చచ్చిపోతుందట.

నేను కొలతలు చెప్పాను. మూడున్నర అడుగుల పొడవు చాలన్నాను. సీటు ఎత్తుగా, లోతు తక్కువగా కావాలన్నాను. ఇంటి ముందే వేయాలన్నాను. ఇంటి ముందా అని ఆయన ఒకసారి అడిగాడు. అవును, మా ఇంటామెకు బయట కూర్చోవడమంటే ప్రాణం అన్నాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపలేకపోయాను. సాయంత్రమైతే ఆమె బియ్యం చేట పట్టుకుని ఎలా కూర్చునేదో, దారిన పోయే పిల్లలను ఆపి ఎక్కాలు ఎలా అడిగేదో, ఆమె లేని వాకిలి ఎలా ఉందో, అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఉగాది నుంచి ఎవరికీ చెప్పనివన్నీ ముక్కూమొహం తెలియని మనిషి ముందు, రింగుల మధ్య నిలబడి చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన నా భుజం మీద సిమెంటు చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏమైందని అడగలేదు. కాసేపటికి ఆమె పేరేమిటని మాత్రం అడిగాడు. చెప్పాను. మంచి మనిషి, మర్యాదకు అడిగాడనుకున్నాను.

బెంచీ పట్టాలంటే ఒక డ్రమ్ము తీసేయాలి. ఆ సంగతి ఆమెకు చెప్పాను. మంచం మీద నుంచే కిటికీలోంచి డ్రమ్ములవైపు చూసింది.

"నీళ్ల డ్రమ్ము తీసి నన్ను పెడతావా?"

"నాలుగోది తీస్తే ఏమయితాది? సర్దుకుందాం."

"డ్రమ్ముతోనన్నా పని ఉండాది" అంది.

నాలుగో డ్రమ్మును ఎదురింటి ఆమెకు ఇచ్చేశాను. ఇక తిరిగి అడగలేను కాబట్టి, బెంచీ వచ్చి తీరాలి.

శ్రావణం నడుస్తుండగా ఒక ఉదయం టెంపోలో వచ్చింది. రెండు కాళ్లు, ఒక సీటు పలక, ఒక వీపు పలక విడివిడిగా. ఇద్దరు మనుషులు మోస్తుంటే యజమాని తనే వచ్చి సర్దించాడు. కాళ్లు నిలబెట్టి, సీటు పరిచి, చివరగా వీపు పలక ఎత్తారు. అప్పుడు చూశాను. తడి సిమెంటులో లోతుగా చెక్కిన పెద్ద అక్షరాలు. నా భార్య పేరు. ముందు శ్రీమతి లేదు, కీర్తిశేషులు ఉంది. కింద వరసలో జ్ఞాపకార్థం. చుట్టూ ఒక తీగ, తీగకు రెండు పూలు.

"నువ్వు రాయమని చెప్పలేదు గానీ, పేరు లేకుండా ఇయ్యబుద్ధి కాలేదన్నా. రాసినందుకు దుడ్లు ఒద్దులే" అన్నాడు ఆయన, నా చెవి దగ్గర, మెల్లగా.

నేను నోరు తెరవకముందే లోపలి నుంచి ముద్ద గొంతు వినిపించింది.

"వచ్చినాదా?"

ఆయన తలుపువైపు చూశాడు. నావైపు చూశాడు. ఎవరని అడిగాడు. ఆమే అన్నాను. ఆయన కాలువ గట్టు మీద కూలబడ్డాడు. మోసుకొచ్చిన ఇద్దరూ పలకను చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు, దించాలో ఎత్తాలో తెలియక.

తప్పు ఆయనది కాదు. ఆ రోజంతా ఆ విషయమే నన్ను తినేసింది. ఉన్న మనిషి గురించి పోయిన మనిషిని తలుచుకున్నట్టు చెప్పింది నేను. ఏళ్ల తరబడి చావు వార్తలు రాసిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. ఆమె ఇంకా ఊపిరి తీసుకుంటుండగానే, నా మనసు ఆ వార్త రాసేసింది. రైతు దాన్ని చదివి పోత పోశాడు. అంతే జరిగింది.

ఇంకోటి చేసిస్తానన్నాడు ఆయన. పోసి, తడిపి, ఆరి రావడానికి నెల పడుతుంది. అప్పటికి ఆరు నెలలు అయిపోవస్తాయి. పలుచటి సిమెంటు పాలు కలిపి అక్షరాల మీద పూశాడు. మధ్యాహ్నం ఎండకు అది పెళుసెక్కి, సాయంత్రానికి పెచ్చులుగా రాలిపోయింది. మళ్లీ మళ్లీ తడపడానికి మా దగ్గర మూడు డ్రమ్ముల నీళ్లే ఉన్నాయి. ఆయన పోకముందే, అది నిలవదని అనుమానించి, పలకను తిప్పి పెట్టమన్నాను. అక్షరాలు గోడవైపు. గోడకూ పలకకూ మధ్య నాలుగు వేళ్ల సందు. పోయేటప్పుడు ఆయన చేతులు జోడించాడు. నాకా, లోపలి మనిషికా, తెలియదు.

ఆ సాయంత్రం ఆమెను దాని మీద కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో ఊపి చూసింది. కొండను ఊపినట్టే. సిమెంటు కూడా కాలుతుంది కాబట్టి, నాలుగింటికి ఒక చెంబు నీళ్లతో గోనెసంచి తడిపి బెంచీ మీద పరుస్తాను. ఐదు నిమిషాలకు సంచి ఆరుతుంది, బెంచీ చల్లబడుతుంది. పొడిసంచి ఒకటి మడిచి వేసి కూర్చోబెడతాను. డ్రమ్ములు అడుగంటిన రోజుల్లో ఆ చెంబు నీళ్లు కూడా ఉండవు. అలాంటప్పుడు ఆరు దాటేదాకా ఆమె తలుపు దగ్గరే కాచుకునేది. కాచుకునేది అని రాస్తున్నాను. అప్పుడు కనీసం దేనికోసమో కాచుకోవడం మొదలైంది.

ఎదురింటి ఆమె రోజూ వచ్చి పక్కన కూర్చునేది. మొదటి రోజే ఎగతాళి పట్టించింది.

"ఏం టీచరమ్మా, బస్టాండు మీ ఇంటికే వచ్చినాదే. బస్సు ఎన్నింటికి?"

"నాది లేటు" అంది నా భార్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గ్లాసులు తీసుకునే నెపంతో లోపలికి వచ్చేశాను.

రోజులు పోయాయి. కూర్చోవడం బాగా కుదిరింది. లేవడం కుదరలేదు. డాక్టరమ్మ నేర్పినట్టు ముందుకు వంగేది, ఎడమ చెయ్యి బెంచీ అంచు మీద ఊనేది, మొహం ఎర్రబడేది, ఒళ్లు అంగుళం కూడా పైకి రాకుండా మళ్లీ వెనక్కి వాలేది. చంకల కింద చేతులు వేసి నేనే లేపేవాణ్ని. లేపేటప్పుడల్లా ఆమె భుజం మీదుగా ఆ నాలుగు వేళ్ల సందు నాకు కనిపించేది. రోజుకు రెండుసార్లు ఆమెను తీసుకొచ్చి ఆమె చావు కబురుకు ఆనించి కూర్చోబెడుతున్నాను. ఇది ఎవరికి చెప్పుకోను. మహాలయ పక్షం వచ్చింది, పోయింది. ఆరో నెల నిండింది. డాక్టరమ్మ వారానికి మూడుసార్లు వచ్చేది కాస్తా ఒకసారికి తగ్గించింది.

భుజం కిందికి జారకుండా కుడి చేతిని బెంచీ వీపు మీదుగా వెనక్కి వేసి ఉంచమని బెంచీ వచ్చిన మొదట్లో డాక్టరమ్మ చెప్పింది. అలాగే వేసేవాణ్ని. వేళ్లు పలక వెనక వేలాడేవి.

దసరా దాటిన ఒక సాయంత్రం, ఎదురింటి ఆమె ఇంకా రాలేదు. ఎడమ చేతిలో టీ గ్లాసు పట్టుకుని నా భార్య సందులోకి చూస్తోంది. నేను డ్రమ్ము మూత సర్దుతున్నాను.

"ఎనక ఏందో గరుకుగా ఉండాది" అంది.

సిమెంటు కదా, గరుకుగానే ఉంటుందన్నాను. మూత సర్ది, బిగించి, అప్పుడు ఆగాను. తిరిగి చూశాను. ఎడమ చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"ఏ చేతికి?"

ఆమె కూడా అప్పుడే గమనించింది. గ్లాసు వైపు చూసుకుంది. నావైపు చూసింది. గ్లాసు ఒరిగి టీ చీర మీద ఒలికింది. నేను గ్లాసు తీసుకుని పక్కన పెట్టాను. గోడకూ పలకకూ మధ్య చెయ్యి దూర్చి ఆమె వేళ్లు పట్టుకున్నాను. చూపుడు వేలు ఒక అక్షరం గాడిలో ఉంది.

"ఏముండాది ఆడ?" అంది.

అబద్ధం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. పూల డిజైను అంటే పోయేది, రెండు పూలు నిజంగానే ఉన్నాయి. కానీ నేను రెండు నెలలుగా ఆ సందును చూస్తూ బతుకుతున్నాను. చెప్పేశాను. పోతపోసే చోట ఏడ్చినది, ఆయన పేరడిగినది, రాసి తెచ్చినది, తిప్పి పెట్టినది, అన్నీ వరసగా చెప్పాను. ఆమె సందులోకే చూస్తూ వింది. ఒక సైకిలు పోయింది.

"నేను పోయినానని నువ్వే చెప్పినావా?"

"చెప్పలేదు. ఏడిసినా. ఆయప్ప అట్లనుకున్నాడు."

"అంత ఏడిసినావా?"

నేను తలూపాను. ఆమె ఎడమ చేత్తో చీర మీది టీ తుడుచుకుంది.

"ఉండనీలే. నేను పోయినంక మళ్లా రాపిచ్చే పని లేదు. తిప్పితే చాలు."

కొత్త పలక పోయించి ఇది పగలగొట్టిస్తానన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఇంకోసారి పెట్టు అంది. ఏమిటని అడిగితే, వేలు అంది. ఒకటో తరగతి పిల్లల వేలు పట్టుకుని ఇసుకలో, బియ్యంలో అక్షరాలు దిద్దించడమే ఆమె జీవితమంతా చేసిన పని. నేను బెంచీ పక్కన గోడకు ఆనుకుని, సందులో చెయ్యి దూర్చి, ఆమె చూపుడు వేలు పట్టుకుని, ఆమె పేరులో మొదటి అక్షరం మీద నడిపాను.

"తెలుస్తాండాదా?"

"ల్యా."

మళ్లీ నడిపాను.

"ఇప్పుడు?"

"ఉండు. గుంజొద్దు. మెల్లగ."

అప్పటి నుంచి రోజూ అదే పని. ఒకరోజు ఒకటిన్నర అక్షరం తెలుస్తుంది. మరుసటి రోజు ఏదీ తెలియదు, కొయ్య ముక్కను తిప్పినట్టు ఉంటుంది, ఆ రోజు అన్నం రెండు ముద్దలే. డాక్టరమ్మ సూదితో గుచ్చి చూసి, మంచిదే, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ఆలస్యంగా వచ్చింది అని చెప్పింది. పోతపోసే ఆయన ఖర్చు లేకుండా కొత్త వీపు పలక పోసి, టెంపోలో తెచ్చాడు. నా భార్య దాన్ని వేయనివ్వలేదు. అది నున్నగా ఉంది, దాంతో నాకేం పని అంది. అది ఇప్పుడు డ్రమ్ముల కింద ఎత్తుగా పనికొస్తోంది.

ఆమె ఇంకా తనంతట తాను లేవలేదు. మొన్న ఒక సాయంత్రం ఎడమ చెయ్యి ఊని ముందుకు వంగినప్పుడు, కింద వేసిన గోనెసంచి నలిగి పైకి లేచింది. ఒంటికీ సంచికీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు కనిపించింది. అంతలోనే వాలిపోయింది. నేను సంచి సరిచేసి, గోడ పక్కకు వెళ్లి, వేలు పట్టుకున్నాను. ఆమె పేరు మొత్తం దిద్దడం అయింది. జ్ఞాపకార్థం అన్న కింద వరస మొదలయ్యే చోట ఆమె వేలిని ఆపింది.

"ఆడికి పోవద్దు" అంది. "మళ్లా మొదటి నుంచి పట్టు."